ఇరవై గుంటల్లో చెట్టు మల్బరీ: నాటే ముందు, నాటినాక



ఎండాకాలం వచ్చిందంటే మన గ్రూపులో ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "బోర్లో నీళ్ళు తగ్గిపోయినాయి. పొద తోట పీకేసి చెట్టు తోట పెట్టొచ్చా?" చింతామణి, శిడ్లఘట్ట వైపు వాళ్ళు అడుగుతారు, హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళూ అడుగుతారు. ఒక్క మాటలో నా జవాబు ఇది: చెట్టు పెట్టండి, కానీ ఉన్న తోట పీకొద్దు.

ఎందుకంటే నేను పీకినాను. ఎకరం వి-1 పొద తోట, మూడడుగులకు మూడడుగులు. ఒక వేసవిలో బోరు సగానికి పడిపోతే భయపడి, జేసీబీ పెట్టి మొత్తం తీయించి, వానలకు చెట్టు మొక్కలు పెట్టించినాను. తర్వాత పద్నాలుగు నెలలు సొంత ఆకు లేదు. షెడ్డు ఉంది, తట్టలున్నాయి, చంద్రికలున్నాయి, మేపడానికి ఆకు లేదు. రెండు బ్యాచ్‌లకు ఆకు కొని మేపితే గూళ్ళు అమ్మిన దుడ్డు ఆకుకే సరిపోయింది. ఆ తర్వాత మేపడమే మానుకున్నాం. ఇంట్లో నెల నెలా వచ్చే రాబడి అదొక్కటే. చెట్టు తోట మంచిదే, ఈరోజు మా ఇల్లు దాని మీదే నడుస్తోంది. కానీ మొదటి ఏడాదిన్నర అది మనకు పెట్టదు, మనమే దానికి పెట్టాలి. ఆ ఏడాదిన్నర ఇంటికి అన్నం పెట్టేది పాత పొద తోటే. అందుకే ముందు ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. అది కాపుకు వచ్చినాక మిగతాది.

*చెట్టు తోట అంటే ఏమి*

కొత్తదేం కాదు. కాశ్మీరులో పట్టుపురుగులను ఎప్పటినుంచో చెట్టు ఆకుతోనే మేపుతారు. మన పక్క పొద తోట అలవాటయింది, ఎందుకంటే నీళ్ళుండేవి. నాటిన ఆరు నెలలకే ఆకు వస్తుంది, ఏడాదికి ఐదు కోతలు తీయొచ్చు. నీళ్ళు పోయినాక పొద వేరు పైపైనే ఉండిపోవడం మనకు కష్టమయింది. చెట్టుకు జాగా ఎక్కువ ఇస్తాం కాబట్టి వేరు లోతుకు, దూరానికి పోతుంది. నాలుగు రోజులు నీళ్ళు ఆలస్యమైనా తట్టుకుంటుంది. ఆకు నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మట్టి, దుమ్ము తక్కువ పడుతుంది. ఎండ, గాలి బాగా తగులుతాయి. నాలుగో జ్వరం దాటిన పురుగుకు ఇట్లాంటి ఆకే కావాలి. పురుగు జీవితం మొత్తంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా తినేది ఆ ఆఖరి వారంలోనే కదా.

చెట్టు అన్నానని కొబ్బరి చెట్టు అనుకోవద్దు. మన చెట్టు బోదె నాలుగున్నర అడుగులు, అంతే. దాని తల మీద ప్రతి కోతకూ కొత్త కొమ్మలు వస్తాయి. మా ఇంట్లో ఆకు కోసేది ఆడవాళ్ళే. నిచ్చెన లేకుండా, చెయ్యి తల పైకి ఎత్తకుండా కోసేటట్టు ఉండాలి. ఆరడుగుల బోదె వదిలిన తోటలు చూసినాను. చూడను అందంగా ఉంటాయి, కోసేవాళ్ళకు భుజాలు పోతాయి.

*ఎన్ని చెట్లు, ఎన్ని నీళ్ళు*

ఒక గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు. ఇరవై గుంటలు 21,780 చదరపు అడుగులు. మూడుకు మూడు పొద పెడితే 2,420 మొక్కలు. పదికి పది చెట్టు పెడితే సుమారు 217. ఎనిమిదికి ఎనిమిది పెడితే 340. ట్రాక్టరు తోలాలంటే పదికి పది కావాలి. చిన్న టిల్లరు ఉన్నవాళ్ళకు, ఎడ్లతో దున్నేవాళ్ళకు ఎనిమిదికి ఎనిమిది చాలు. అర ఎకరమే పెట్టేవాడికి నా ఓటు ఎనిమిదికే, ఎందుకంటే జాగా కొంచెం, ఆకు కావాలి. ఆరుకు ఆరు కూడా పెడతారు. నాలుగో ఏడు వచ్చేసరికి కొమ్మలు కలిసిపోయి లోపల గాలి ఆడదు, బూడిద తెగులు పట్టుకుంటుంది. నాకు అది నచ్చలేదు.

ఇప్పుడు నీళ్ళు. ఎకరం మీద ఒక అంగుళం నీళ్ళు నిలబెట్టాలంటే లక్ష లీటర్లకు కొంచెం పైన కావాలి. పొద తోటకు కాలువ కట్టి పారిస్తే ఒక తడికి అంగుళంన్నర అనుకోండి. అర ఎకరానికి 77,000 లీటర్లు. అది వారం, పది రోజులకొకసారి. చెట్టు తోటకు నేను డ్రిప్పులో చెట్టుకు 40 లీటర్లు, వారానికి రెండుసార్లు ఇస్తాను. 340 చెట్లకు వారానికి 27,200 లీటర్లు. మార్చి నుంచి మే దాకా మూడుసార్లు ఇచ్చినా 40,800. మీ భూమి ఎర్ర గరుసా, బంకా అన్నదాన్ని బట్టి కొంచెం అటు ఇటు అవుతుంది.

మీ బోరు దీనికి చాలుతుందా లేదా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, మొబైల్లో టైము చూడండి. నాలుగు నిమిషాలకు నిండితే గంటకు 3,000 లీటర్లు. వారానికి తొమ్మిది గంటలు మోటరు ఆడితే పై లెక్క సరిపోతుంది. మూడు ఫేజుల కరెంటు మీ ఊర్లో ఎన్ని గంటలు వస్తుందో మీకు తెలుసు. ఈ కొలత ఏప్రిల్లో తీసుకోండి. నవంబరులో కొలిస్తే బోరు మనల్ని మోసం చేస్తుంది.

కోలారు చుట్టుపక్కల 2018 నుంచి కె.సి. వ్యాలీ నీళ్ళు చెరువులకు వస్తున్నాయి, కొన్ని ఊర్లలో బోర్లు తేరుకున్నాయి. సంతోషమే. అట్లాంటి ఊర్లో ఉన్నవాళ్ళు కూడా ఆ నీళ్ళు చూసుకుని మళ్ళీ కాలువ పారకానికి పోవద్దు. పక్క తాలూకాలో వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లలో దుమ్ము లేచింది మన కళ్ళతో చూసినాం.

*భూమి ముందు ఏమి పండింది?*

ఇది ఎవరూ అడగరు, కానీ ముందు అడగాల్సింది ఇదే. మన పక్క ఖాళీ భూమి అంటే నిన్నటి దాకా టమాటా తోటే. టమాటా, వంకాయ, బెండ పండిన భూమిలో వేరుగంట్ల నులిపురుగు ఉంటుంది. అదే పురుగు మల్బరీ వేరుకూ పడుతుంది. పాత టమాటా మొక్క ఒకటి పీకి వేరు చూడండి. పూసలు గుచ్చినట్టు గంట్లు కనిపిస్తే ఆ భూమిలో నేరుగా మల్బరీ పెట్టొద్దు. ఎండాకాలం లోతుగా దున్ని ఎండకు వదలండి. తర్వాత జనుము చల్లి, పూతకు వచ్చే ముందు తొక్కేయండి. నాటేటప్పుడు గుంతకు రెండు కిలోల వేపపిండి. తోట మధ్యలో మొదటి రెండేళ్ళు బంతి పెడితే నులిపురుగు తగ్గుతుంది. కానీ పూలకని దానికి మందు కొట్టేటట్టుంటే అది వద్దే వద్దు. మళ్ళీ మధ్యలో టమాటా, మిరప అంతర పంట వేసేవాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను.

మహారాష్ట్ర వైపు నల్లరేగడిలో పెట్టేవాళ్ళకు ఇంకొక మాట. మా ఎర్ర భూమిలో నీళ్ళు దిగిపోతాయి, మీ భూమిలో నిలబడతాయి. వరుసను కట్టలాగా ఎత్తు చేసి దాని మీద నాటండి. వానాకాలం వారం రోజులు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళు వచ్చేది అక్కడే.

*మొక్క*

చెట్టు తోట బాగుపడేదీ చెడిపోయేదీ సగం నర్సరీలోనే. పొద తోటకు మూడు, నాలుగు నెలల మొక్క సరిపోతుంది. చెట్టుకు అది చాలదు. ఎనిమిది నుంచి పది నెలల వయసు, ఐదడుగులకు తక్కువ కాని ఎత్తు, నిటారు కాండం, అడుగున బొటనవేలు లావు ఉండాలి. అట్లాంటి మొక్క ధర ఎక్కువే. నేను మొదటిసారి ధర చూసి మోకాలెత్తు మొక్క తెచ్చినాను. "అన్నా, ఇది కూడా వి-1 ఏ, ఆరు నెలల్లో చెట్టయిపోతుంది" అన్నాడు అమ్మినవాడు. చెట్టు కావడానికి సంవత్సరం పట్టింది. ఆ సంవత్సరంలో మేకలు ఒకసారి, చెద ఒకసారి, గడ్డి కోసే మిషను ఒకసారి, నూటికి ముప్పై మొక్కలు పోయినాయి. మిగిలినవి ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు. తోట ఎప్పుడూ ఒక సమానానికి రాలేదు. ధరలో మిగిల్చింది మళ్ళీ సందు నాట్లకు పోయింది.

రకం విషయంలో నేను ఎక్కువ చెప్పను. నీళ్ళున్న చోట వి-1, అంటే విక్టరీ-1, మైసూరు కేంద్ర పట్టు పరిశోధనా సంస్థ ఇచ్చినది. మన పక్క దానికే అలవాటు పడినాం, ఆకు పెద్దది, మందం. నీళ్ళు మరీ తక్కువ, వాన మీదే ఆధారం అనుకునే వాళ్ళకు ఎస్-13, ఎస్-34 ఉన్నాయి. నర్సరీకి పోయినప్పుడు ఒక మొక్క పీకించి వేరు చూడండి. గంట్లుంటే ఆ నర్సరీ వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. నులిపురుగును దుడ్డిచ్చి ఇంటికి తెచ్చుకున్నట్టే అవుతుంది.

సబ్సిడీ కావాలన్నవాళ్ళు నాటిన తర్వాత కాదు, గుంత తీసే ముందే రేష్మె ఇలాఖా ఆఫీసుకు పోవాలి. తమిళనాడు వాళ్ళకు పట్టు వళర్చి తురై. జాబ్ కార్డు ఉన్న చిన్న రైతులకు ఉపాధి హామీ కింద కూడా మల్బరీకి వీలుంది, పంచాయతీలో అడగండి. ముందే నాటేసి బిల్లులు పట్టుకుపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

*గుంత, నాటు*

ఏప్రిల్, మే నెలల్లో రెండడుగులకు రెండడుగులు, లోతు కూడా రెండడుగులు గుంత తీసి నెల రోజులు ఎండనివ్వాలి. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క వేయండి. నింపేటప్పుడు పై మట్టితో రెండు తట్టల మాగిన దిబ్బ ఎరువు, వేపపిండి కలిపి ముందు అడుగుకు పోయేటట్టు వేయాలి. పచ్చి పేడ వేస్తే చెద పిలిచినట్టే. జూన్, జులైలో రెండు మంచి వానలు పడినాక నాటండి. నర్సరీలో మొక్క ఎంత లోతున ఉండిందో అంతకన్నా నాలుగు వేళ్ళు లోతుగా పెట్టి, మట్టి గట్టిగా తొక్కాలి. పక్కన వెదురు బొంగో, సరివి కట్టెనో పాతి, గోనె పీలికతో ఎనిమిది అంకె వచ్చేటట్టు కట్టండి. బిగించి కట్టొద్దు. ప్లాస్టిక్ దారం అసలు వద్దు, కాండంలోకి కోసుకుపోతుంది.

కంచె సంగతి మీకు చెప్పే పని లేదు. మేకకు మల్బరీ అంటే మనకు మైసూరు పాకు.

*తల కట్టడం*

ఈ పనికి చాలామంది ఓపిక పట్టరు, అందుకే దీని గురించి కొంచెం నిదానంగా చెప్తాను.

నాటిన నెలలోపు బోదె పొడుగునా చిగుర్లు వస్తాయి. చూస్తే కడుపు నిండుతుంది, తీయాలంటే చెయ్యి రాదు. కానీ తీయాలి. ఛాతీ ఎత్తు కింద వచ్చే ప్రతి చిగురూ పచ్చిగా ఉన్నప్పుడే బొటనవేలితో తోసేయండి. వారానికి ఒకసారి తోటంతా ఒక రౌండు వేస్తే చాలు, కత్తి అక్కరలేదు. ముదరనిస్తే కత్తెర కావాలి, గాయం మానడానికి నెల పడుతుంది.

ఐదారు నెలలకు, నాలుగున్నర అడుగుల దగ్గర కాండం బొటనవేలు లావు అయినాక, అక్కడ తల కోయాలి. ఐదున్నర అడుగుల మొక్క తలకాయ నరికేది చూసి మా నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోసిన పదిహేను రోజులకు ఏడెనిమిది చిగుర్లు గుంపుగా లేస్తాయి. వాటిలో నాలుగు దిక్కులకూ పోయేటట్టు మూడో నాలుగో ఉంచి మిగతావి తీసేయండి. ఒకే పక్క రెండు ఉంచితే పెద్దయినాక గాలికి చీలిపోతుంది.

ఇంకొక మూడు, నాలుగు నెలలకు ఆ కొమ్మలను బోదె నుంచి ఒక అడుగు దూరంలో కోయాలి. ఒక్కొక్కదాని మీద రెండు మూడు చిగుర్లు ఉంచితే చెట్టుకు ఎనిమిది నుంచి పది చేతులు వస్తాయి. చెట్టు తల కట్టినట్టు. మళ్ళీ మూడు నెలలకు కోసేదే మొదటి నిజమైన మేత. లెక్క వేస్తే పదకొండు నుంచి పదమూడు నెలలు. మధ్యలో కోసిన కొమ్మల ఆకు పారేయక్కరలేదు, పాత తోట ఆకుతో కలిపి మేపుకోవచ్చు. కానీ ఆకు కోసమని ముందే కోయొద్దు. ఆ పొరపాటూ నేను చేసినాను. మొదటి ఏడే రెండుసార్లు ఆకు దూసుకున్న చెట్లు ఇప్పటికీ పక్క వరుస కన్నా సన్నగానే ఉన్నాయి.

తర్వాత ప్రతి కోతకూ కొమ్మను మొదట్లో రెండు వేళ్ళు వదిలి కోయండి. నాలుగైదు కోతలకు అక్కడ పిడికిలి లాగా గడ్డ కడుతుంది. అందులోనే చిగుర్ల మొగ్గలన్నీ ఉంటాయి. పిడికిలి మీదే కోయాలి, పిడికిలి కింద కోయొద్దు. మచ్చు కత్తితో నరికితే కొమ్మ చీలి, చీలికలో నీళ్ళు నిలిచి బూజు పడుతుంది. మంచి కత్తెర ఒకటి, చిన్న రంపం ఒకటి కొనుక్కోండి. కుళ్ళిన చెట్టు కోసిన కత్తెరను కడగకుండా మంచి చెట్టు మీద పెట్టొద్దు.

కోసిన 55, 60 రోజులకు పెద్ద పురుగుకు తగిన ఆకు తయారవుతుంది. రెండో జ్వరం దాటిన చాకీ పురుగు తెచ్చుకునేవాళ్ళు ఆ తేదీని బట్టి చాకీ సెంటరులో బుక్ చేసుకోండి. చెట్టు తోట కోతకు రాకముందే పురుగు ఇంటికి వస్తే అర్ధరాత్రి ఆకు కోసం ఎవరి తోట ముందర నిలబడాలో ఆలోచించుకోండి.

ఎన్ని మొట్టెలకు ఆకు చాలుతుందో, ఆంధ్రా వైపు వాళ్ళ మాటలో ఎన్ని గుడ్లకో, తూకం వేసి చూడండి. తోటలో అక్కడక్కడా పది చెట్లు కోసి, ఆకు మాత్రం దూసి తూచండి. సగటు తీసి 340తో గుణించండి. వంద మొట్టెలకు సుమారు 1,200 కిలోల ఆకు పెట్టుకోండి. చెట్టుకు నాలుగు కిలోలు వచ్చిందనుకుందాం, 1,360 కిలోలు. అంటే వంద మొట్టెలకు చాలి కొంచెం మిగులుతుంది. ఆ మిగిలింది చూసి నూట ఇరవై తేవొద్దు. వానొచ్చి ఆకు తడిస్తే, రెండు రోజులు మబ్బు పడితే ఆ మిగులే మనల్ని కాపాడుతుంది.

*ఎరువు*

నీళ్ళున్న వి-1 తోటకు ఎకరానికి ఏడాదికి 8 టన్నుల దిబ్బ ఎరువు, 140 కిలోల నత్రజని, 56 భాస్వరం, 56 పొటాష్, ఐదు కోతలకు పంచి వేయమని సిఫారసు. చెట్టు పూర్తిగా కాపుకు వచ్చినాకే ఇది. అర ఎకరానికి ఒక్కొక్క కోతకు యూరియా సుమారు 30 కిలోలు పడుతుంది. మొదటి ఏడు ఇందులో మూడో వంతు చాలు. మట్టి పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఆ కాగితాన్ని నమ్మండి, నన్ను కాదు. ఎరువు బోదె దగ్గర కాదు, కొమ్మల నీడ అంచున గాడి తీసి వేయాలి. వేరు ఉండేది అక్కడ. యూరియా ఎక్కువైతే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, నీరు ఎక్కువ, పురుగుకు పలచని విరేచనం. పక్కింటాయన తోట పచ్చదనం చూసి పోటీ పడొద్దు. ఊర్లో గొర్రెల మంద వస్తే రెండు రాత్రులు కట్టించుకోండి. కానీ చెట్టు తల కట్టినాకే సుమా.

*పిండి పురుగు, పక్క తోట మందు*

చిగురు ముడుచుకుని, దళసరిగా, ఆకు నల్లబడి వంకర తిరిగితే అది తుక్రా. లోపల తెల్లటి పిండి నల్లి ఉంటుంది. పట్టిన చిగుర్లు తుంచి సబ్బు నీళ్ళ బకెట్లో ముంచి కాల్చేయండి. చీమలు బోదె మీద పైకీ కిందకీ తిరుగుతుంటే ముందు చీమల సంగతి చూడండి, పిండి నల్లిని కాపాడేది అవే. నల్లిని తినే అక్షింతల పురుగులు పట్టు పరిశోధనా కేంద్రాల్లో దొరుకుతాయి, వదలొచ్చు.

తమిళనాడు వాళ్ళకు బొప్పాయి పిండి నల్లి గుర్తుండే ఉంటుంది. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి మీద కనబడి, తర్వాత మల్బరీ తోటలు చాలా పాడు చేసింది. మందు మీద మందు కొట్టినారు, లొంగలేదు. 2010లో పోర్టోరికో నుంచి ఆవగింజకన్నా చిన్న ఈగ లాంటి పరాన్నజీవిని తెప్పించి వదిలితే నల్లి అణిగిపోయింది. ఇప్పుడు ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే గభాలున మందు డబ్బా ఎత్తొద్దు. ఆ చిన్న పురుగు కూడా మన మందుకే చస్తుంది.

పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో అన్నిటికీ డైక్లోర్‌వాస్ రాసి ఉంటుంది. 2020 డిసెంబరు ఆఖరుతో దేశంలో ఆ మందు నిషేధం అయిపోయింది. ఎవరి దగ్గరైనా పాత సీసా ఉంటే దాన్ని తోటలోకి తేవొద్దు. వేప మందు కొట్టినా ఆకు తీసే ముందు ఎన్ని రోజులు ఆగాలో ఇలాఖా సిబ్బందిని అడిగి, ఆ తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

కానీ మన తోట మందు కన్నా పక్క తోట మందే మనల్ని ఎక్కువ ముంచుతుంది. మూడేళ్ళ కింద మా బ్యాచ్ నాలుగో జ్వరం లేచి రెండో రోజు. పొద్దున ఆకు వేసినాం, మధ్యాహ్నానికి పురుగులు తల ఊపుకుంటూ పచ్చటి నీళ్ళు కక్కినాయి. సాయంత్రానికి వళ్ళు కుంచించుకుపోయి సగం తట్టలు ఖాళీ. ముందు రోజు పక్క టమాటా తోటలో కాయ తొలిచే పురుగుకు మందు కొట్టినారు, గాలి మా వైపుకు. ఆయన తప్పని అనను, ఆయన పంట ఆయనది. మాకు చెప్పలేదు, మేము అడగలేదు.

టమాటాకు, కోసుకు ఇప్పుడు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ లాంటి మందులు పట్టుపురుగుకు మహా విషం. ఆకు మీద చాలా రోజులు ఉంటాయి, కొంచెం పడినా చాలు. పురుగు పెరుగుదలను ఆపే రకం మందులు ఇంకా మోసగాళ్ళు. పురుగు చావదు, బాగానే తింటుంది, పండుతుంది, చంద్రికకు ఎక్కించినాక గూడు కట్టదు. ఇరవై అయిదు రోజుల కష్టం చంద్రిక మీద తిరుగుతూ చచ్చిపోతుంది. పొగాకు తోట పక్కన ఉన్నా ఇదే బాధ.

అందుకే స్థలం ఎంచుకునేటప్పుడే చుట్టూ చూడండి. టమాటా, ద్రాక్ష, పూల తోటలకు ఆనుకుని చెట్టు మల్బరీ వద్దు. చెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి గాలిలో వచ్చే మందును పొద కన్నా ముందు అదే పట్టుకుంటుంది. వేరే జాగా లేకపోతే గాలి వచ్చే పక్క రెండు వరుసలు అవిసె, సరివి లాంటివి దట్టంగా పెట్టండి. మల్బరీ మొదటి రెండు వరుసల ఆకు ఆవుకు వేయండి, పురుగుకు కాదు. పక్క రైతు దగ్గరికి ఒకసారి పోయి, "మామా, మందు కొట్టే ముందు ఒక ఫోన్ చేయి" అని చెప్పి రండి. ఆ టమాటా తోట ఆయన ఇప్పుడు నాకు ఫోన్ చేస్తాడు. ఆ రోజే పది రోజుల ఆకు లెక్క మార్చుకుంటాను.

అనుమానం ఉన్నప్పుడు ఇంకొక పని చేయండి. అనుమానం ఉన్న వరుస ఆకు కోసి, ముప్పై పురుగులను వేరే తట్టలో పెట్టి మేపండి. ఒక రాత్రీ పగలూ చూడండి. అవి బాగుంటే మిగతావాటికి వేయండి. ముప్పై పురుగులు పోతే పోనీ.

వేరు కుళ్ళు గురించి కూడా ఒక మాట. చెట్టు మొత్తం ఉన్నట్టుండి వాడి, వేరు బెరడు నల్లబడి చేత్తో లాగితే ఊడి వస్తే ఇక ఆశ పెట్టుకోవద్దు. వేరుతో సహా తీసి కాల్చి, గుంత నెల రోజులు ఎండనిచ్చి, మాగిన ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వేసి తర్వాతే కొత్త మొక్క పెట్టండి. ఆ చెట్టుకు పోయిన నీళ్ళు పక్క చెట్టుకు పారనివ్వొద్దు.

ఈ ఏడాది పెట్టాలనుకునేవాళ్ళు ఈ వారంలో మూడు పనులు చూసుకోండి: డ్రమ్ము పెట్టి బోరు కొలవడం, పాత టమాటా వేరు పీకి చూడటం, నర్సరీలో పది నెలల మొక్క ఉందా అని ఫోన్ చేయడం. గుంత తీసేవాళ్ళు మే నెల దాటనివ్వొద్దు. ఇప్పటికే నాటి ఉన్నవాళ్ళు బోదె మీద కింద చిగుర్లు వచ్చినాయేమో రేపు పొద్దున ఒకసారి తోటలో తిరిగి రండి.